చెప్పమన్న మాట

గంగారెడ్డి ఆ మాట అన్నప్పుడు గ్రామసభలో ఒక్కరూ తలెత్తలేదు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద ఎర్రగుంటపల్లి ఊరంతా ఉంది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీల మీద గ్రామ కమిటీ కూర్చుంది, కులానికొక పెద్దమనిషి చొప్పున. అది సర్కారు పెట్టింది కాదు, ఓట్లేసి ఎన్నుకున్నదీ కాదు. అయినా ఇసుక ట్రాక్టర్లు ఎవరివి తిరగాలో, కల్లు దుకాణం ఎవరు నడపాలో, ఎవరికి జుర్మానా వెయ్యాలో చెప్పేది అదే. కమిటీకి చైర్మన్ గంగారెడ్డి. అసలు కమిటీ అంటేనే గంగారెడ్డి.

కాలువ పక్కన మాదిగ వాడ వాళ్ళు తమ చచ్చినవాళ్ళను పూడ్చుకునే బొందలగడ్డ ఉంది. దాన్ని చదును చేసి ఫంక్షన్ హాలు కడతామని ఆ రోజు మైకులో ప్రకటించారు. వాడ నుంచి ముసలి ఈరవ్వ లేచి నిలబడింది.

"పటేలా, మా ఇంటాయన ఆడ్నే పండుకున్నడు. నా పెద్దకొడుకు గూడ ఆడ్నే ఉన్నడు. ఆళ్ళ పక్కన నాక్కూడ ఇంత జాగ చూసి పెట్టుకున్న. ఆ గడ్డ ముట్టకుండ్రి, మీ కాల్మొక్త."

గంగారెడ్డి మైకు వదల్లేదు. వదిలి ఉంటే ఆ మాట ముందు వరసకే వినపడేది. ఆయనకు అందరికీ వినపడాలనే ఉంది.

"బతికినప్పుడే మనుషుల్ల లెక్కలేరు, సచ్చినంక మీకు జాగ ఏందే ముసల్దానా? ఈడ్సి కాలువల ఏస్తే చేపలన్న తింటయి!"

కుర్చీల్లో కొందరు నవ్వారు. నవ్వని వాళ్ళు కాళ్ళ దగ్గరి మట్టి చూసుకున్నారు. ఈరవ్వ చేతులు జోడించినవి జోడించినట్టే ఉండిపోయాయి. అప్పుడు ఆమె మనుమరాలు ఎస్తేర్ ముందుకొచ్చింది. కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్న పిల్ల.

"ఆ మాట ఎనక్కి తీస్కో పటేలా."

"ఏమంటివి?"

"జాగ ఇయ్యనంటె ఇయ్యనను, కొట్లాడుతం. మా తాతను చేపలకు ఏసే మాట మాత్రం ఎనక్కి తీస్కో. గీడ్నే, గిదే మైకుల."

మైకు ఠక్కున ఆగిపోయింది. సభ ముగిసింది. ఆ గొడవంతా జరుగుతుంటే షామియానా గుంజకు ఆనుకుని డప్పు చంకలో పెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పేరు సీమోను. ఈరవ్వ కొడుకు, ఎస్తేర్ తండ్రి, ఊరికి చాటింపు చెప్పేవాడు. తల్లిని అన్న మాట విన్నాడు, కూతురు అడిగిన మాటా విన్నాడు. ఆయన పెదవి మాత్రం కదల్లేదు. ఊరి మాటలు చెప్పీ చెప్పీ ఆ నోటికి సొంత మాట అలవాటు తప్పింది.

మరునాడు పొద్దున్నే కమిటీ నుంచి కబురొచ్చింది. సీమోను ఎప్పట్లాగే కమిటీ గది గడప అవతల నిలబడ్డాడు.

"చాటింపు ఉన్నదిరా," అన్నాడు గంగారెడ్డి. ఏం చెప్పాలో చెప్పాడు.

సీమోను తన వాడను వెలివేసే చాటింపు తన నోటితోనే వెయ్యాలి! కాదనే మాట గొంతు దాకా వచ్చింది. కానీ చిన్నప్పుడు తండ్రి నేర్పిన పాఠం అడ్డం పడింది: మాట నీది కాదు, చెప్పమన్నవాళ్ళది. ముందు వాళ్ళ పేరు చెప్పు, తర్వాత వాళ్ళు చెప్పిందే చెప్పు, ఒక్క ముక్క కలపకు, ఒక్క ముక్క మింగకు. తాత ముత్తాతలు అట్లాగే చెప్పారు. ఆ పద్ధతి పట్టుకునే తిట్లూ, పన్నులూ, జప్తులూ అన్నీ చాటి, ఇంటికొచ్చి నిద్రపోయారు.

"మీరు చెప్పమన్నరని చెప్పాల్నా పటేలా?"

"నా పేరు తియ్యకు. ఊరు చెప్పమన్నదని చెప్పు."

"చెప్పమన్నోళ్ళ పేరు లేకుంటె అది చాటింపెట్లయితది?"

"ఊరంటె పేరు గాదా? పో!"

సీమోను పోయాడు. ఆయన చేసిన తప్పు అదే. నాలుగు మూలలా నిలబడి సిర్ర పుల్లతో డప్పు మీద దరువేసి, గొంతెత్తి చెప్పాడు.

"వినుండ్రి, వినుండ్రి! ఇది ఊరు చెప్పమన్న మాట! మాదిగ వాడోళ్ళతోని ఎవ్వరు మాట కలుపొద్దు! నాట్లకు పిలువొద్దు! దుకాణంల సామాను ఇయ్యొద్దు! ఆటోల ఎక్కించుకోవద్దు! మాట కలిపినోళ్ళకు జుర్మానా పడ్తది!"

ఎప్పుడూ చాటింపు ఆఖరికి వాడలో ముగుస్తుంది. అలవాటు పడ్డ కాళ్ళు ఆయన్ని అక్కడికే తీసుకుపోయాయి. సొంత గుడిసె ముందు నిలబడి, గడపలో కూర్చున్న తల్లి ఎదుట, అదే మాట అదే గొంతుతో చెప్పాడు. ఎస్తేర్ చేతిలో బిందె పట్టుకుని విన్నది.

"ఎవరు చెప్పమన్నరు బాపూ?"

"ఊరు."

"మనం ఊరు గాదా?"

సీమోను డప్పు గోడకు తగిలించి కూలబడ్డాడు.

ఆనాటి నుంచి వాడ చుట్టూ మాట ఆగిపోయింది. నాట్ల కాలం. వాడ ఆడవాళ్ళ ముఠా నాటేస్తే మొక్క వంకర పోదని ఎల్లారెడ్డి దాకా పేరు. ఆ ముఠా ఇప్పుడు అరుగుల మీద చేతులు ముడుచుకుని కూర్చుంది. ముఠా పెద్ద భూమక్క రోజూ పొద్దున్నే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని సిద్ధమయ్యేది, ఎవరూ పిలవకపోతే మళ్ళీ దించుకునేది. గంగారెడ్డి బయట నుంచి కూలీలను వ్యాన్లలో దింపాడు. జహూర్ కిరాణా దుకాణానికి పోతే జహూర్ తల వంచుకుని తరాజు తుడుస్తూ ఉండేవాడు. తుడిచిందే తుడిచేవాడు, ఎదురుగా నిలబడ్డ మనిషి వెళ్ళిపోయే దాకా. ఈరవ్వయితే గ్రామసభ నాటి నుంచి అసలు నోరే తెరవలేదు. గంజి పోస్తే తాగేది, లేకపోతే లేదు. ఊరు వాడతో మాట్లాడ్డం మానితే, ఆ ముసలమ్మ లోకంతోనే మాట్లాడ్డం మానేసింది.

సీమోనును అన్నిటికంటే కోసింది ఎల్లారెడ్డి బస్టాండు. ఆ రోజు గొల్ల సాయిలు ఎదురుపడ్డాడు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మంజీర ఒడ్డున గొర్లు కాశారు, ఒక్క మూటలోంచి జొన్న రొట్టె తిన్నారు. చూసేవాళ్ళెవరూ లేరు, కమిటీ లేదు, జుర్మానా వేసే నాథుడు లేడు. అయినా సాయిలు చూపు తిప్పుకుని బస్సు వెనక నుంచి చుట్టూ తిరిగి పోయాడు. సీమోను కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత కోపం వచ్చింది. అంత కోపం తనలో ఉందని ఆయనకే తెలియదు.

వాడంతా కదిలి ఠాణాకు పోయింది. అట్రాసిటీ కేసు పెట్టమన్నారు. ఎస్సై గంగారెడ్డిని పిలిపించాడు. వచ్చినవాడికి కుర్చీ వేశారు, వాడ వాళ్ళు వేపచెట్టు కింద నిలబడ్డారు.

"మేమేమనలే సార్," అన్నాడు గంగారెడ్డి నిమ్మళంగా. "కాయితం ఉన్నదా? సంతకం ఉన్నదా? ఎవడు చాటిండో వాణ్ని అడుగుండ్రి."

చాటింపు నాడు ఎవరో తీసిన వీడియోను ఎస్సై ఫోనులో చూశాడు. సీమోను గొంతు, సీమోను డప్పు. గంగారెడ్డి పేరు ఎక్కడా లేదు.

"నీ నోటితోని నువ్వే చెప్పినవ్ గదరా! ఎవడు పలికితే వానిదే నేరం. కేసు పెడితే నీ మీదనే పెట్టాలె."

పెట్టాడు కూడా. ఊరిలో శాంతికి భంగం కలిగించాడని రాసి, సొంత వాడను వెలివేసిన నేరం సీమోను నెత్తినే పెట్టాడు. న్యాయం అంటే వాళ్ళకు అది! సంతకం తీసుకుని పొమ్మన్నాడు. బయట కారెక్కుతూ గంగారెడ్డి సీమోను భుజం మీద చెయ్యేశాడు.

"నీ నోరు నీదనుకుంటున్నవారా? మీ తాత కాడికెల్లి అది మాది. నేను మాట్లాడుమంటె మాట్లాడుతది, మూస్కోమంటె మూస్కుంటది."

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వాడంతా చర్చి ముందు కూడింది. కామారెడ్డి నుంచి ఎస్తేర్‌తో పాటు విద్యార్థి సంఘం నాయకుడు సిద్దార్థ వచ్చాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"వాని పంపుసెట్లు కాలవెడ్త!" యేసుబాబు పెట్రోలు సీసా పట్టుకుని ఊగిపోతున్నాడు. పెండ్లయిన కొత్తలోనే కూలి పోగొట్టుకున్న మనిషి. "గడ్డివాముల మీద ఇంత పెట్రోలు పోస్తె సాలు!"

"నీ సీస పక్కకు వెట్టు," భూమక్క గదిమింది. "కాల్సినంక జైలుకు పోయేది మనం. వాడు ఇన్సూరెన్సు పైసలు తెచ్చుకుని కొత్త మోటార్లు పెట్టుకుంటడు."

"కలెక్టరేట్ ముందట ధర్నా చేద్దాం," అన్నాడు సిద్దార్థ.

"ధర్నా చేద్దువు తియ్యి. ఊర్ల మాట్లాడెటోడు ఒక్కడు లేడు, కామారెడ్డిల అరిస్తె ఎవడింటడు?" అంది భూమక్క.

అప్పటి దాకా మూల కూర్చున్న సీమోను లేచాడు. వాడలో చాలామంది ఆయన మొహం చూడ్డం మానేసి ఉన్నారు. చాటింపు వేసినోడు అని వెనక అనుకుంటున్నారు. ఆయనకు అదీ తెలుసు.

"నాకు పగ తీరాలె," అన్నాడు. "దాసుకునేది ఏం లేదు. మా అవ్వను చేపలకు ఏస్తనన్నడు. నా నోరు నాది కాదన్నడు. సరే, వానిదే అనుకుందాం. కమిటీ కూసున్నప్పుడల్ల నేను గడప అవుతల నిలబడ్డ. నన్ను మనిషనుకోలే గనుక నా ముందటనే అన్ని మాట్లాడిండు. గౌండ్లోళ్ళను ఏమన్నడో, సాయిలును ఏమన్నడో, జహూర్‌ను ఏమన్నడో, అన్ని నా చెవులల్లనే ఉన్నయి. నేను చాటింపు చెప్త. ఈసారి పేరు పెట్టి చెప్త."

సిద్దార్థ నసిగాడు. "అది పోరాటమెట్లయితది పెదనాయినా? ఆళ్ళ మధ్యల పుల్లలు పెట్టినట్టయితది గదా?"

"పుల్లలు పెట్టింది ఆయన," ఎస్తేర్ అడ్డం వచ్చింది. "ఊరు ఊరని ఊరి పేరు మీద మనల్ని ఎలేసిండు. ఆ ఊరోళ్ళను ఆయన ఏమనుకుంటున్నడో ఊరు ఇనొద్దా? ఇన్నంక ఆయన దిక్కు ఉంటరో మన దిక్కు ఉంటరో ఆళ్ళే తేల్చుకుంటరు."

"ఇంకో రెండు మాటలు నువ్వు గూడ కలుపు మామా," యేసుబాబు హుషారయ్యాడు. "జర ఘాటుగ!"

"వద్దు. ఒక్క మాట కలిపినా అది నా మాటయితది. నాకు వాని మాటలే కావాలె. వానిదే బురద, వాని మొఖానికే."

తండ్రి అంత మాట్లాడగా ఎస్తేర్ ఎన్నడూ వినలేదు. చాటింపు నాటి నుంచి తండ్రితో పలకని పిల్ల, లేచి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

నిజాంసాగర్ దిక్కు వాడల నుంచి, జుక్కల్ దిక్కు వాడల నుంచి డప్పులు వచ్చాయి. కామారెడ్డి నుంచి బస్సులో విద్యార్థులు దిగారు. ఆదివారం, ఊరంతా ఇండ్ల దగ్గర ఉన్న పూట. చర్చి ముందు గడ్డి మంట వేసి డప్పులు కాపారు. చర్మం బిగిసి ఖంగుమంటుంటే ఈరవ్వ గుడిసెలోంచి వచ్చి కొడుకు పక్కన నిలబడింది. ఎవరూ రమ్మనలేదు. కర్ర పట్టుకుని నడిచింది.

వెలివేసినవాళ్ళతో మాట్లాడొద్దన్నాడు గంగారెడ్డి. కానీ ఆ ఊళ్ళో డప్పు మోగితే ఎక్కడి చేతులు అక్కడ ఆగుతాయి. కల్లు పోస్తున్నవాడు సీసా దించుతాడు, పిల్లకు జడేస్తున్న తల్లి దువ్వెన ఆపుతుంది. తరాలుగా అట్లా అలవాటయింది. చెవులు మూసుకోమని చెప్పడం ఆ మహానుభావుడికి తట్టలేదు.

"వినుండ్రి, వినుండ్రి! ఇది కమిటీ చైర్మన్ గంగారెడ్డి అన్న మాట! ఆయన పేరు మీదనే చెప్తున్న! ఒక్క ముక్క కలుపలే, ఒక్క ముక్క మింగలే!"

కల్లు దుకాణం దగ్గర దరువు ఆపాడు.

"'గౌండ్లోళ్ళను ముందటి కుర్సీల కూసోవెట్టి రెండు మాటలు పొగుడుండ్రి. ఆళ్ళ తాటిచెట్లు మనయే అయితయి!'"

కమిటీలో కల్లు గీసే గౌండ్ల పెద్దమనిషి చేతిలో సీసా అట్లాగే ఉండిపోయింది. ఒకసారి కమిటీ మధ్యలో ఆయన కల్లు తేవడానికి బయటికి పోయాడు, తిరిగొచ్చేసరికి అందరూ నవ్వుతున్నారు. ఇప్పుడు గుర్తుకొచ్చింది.

జహూర్ దుకాణం ముందు నిలబడ్డాడు.

"'జహూర్ దుకాణం నా చెప్పుల కింద ఉన్నది. తెరువుమంటె తెరుస్తడు, మూయుమంటె మూస్తడు!'"

ఆ మూల మీదే సాయిలు ఇల్లు. సాయిలు గేటు పట్టుకుని నిలబడ్డాడు, తన వంతు వస్తుందని తెలిసిన మనిషిలాగా. మొన్న ఎండాకాలం లారీ కింద పడి ఆయన గొర్లు చచ్చిపోతే, సాయం చెయ్యమని కమిటీ ముందు ఏడ్చి పోయాడు. సీమోను ఒక్క క్షణం ఆగాడు. బస్టాండు గుర్తుకొచ్చింది. ఆయన గొంతులో జాలి లేదు.

"'గొర్లు సచ్చినయని ఏడ్సెటోడు మొగోడేనారా? గొర్లతోని తిరిగి తిరిగి సాయిలు గూడ ఒక గొర్రయిండు. అర్వనియ్యుండ్రి, వాడే పోతడు!'"

సాయిలు గేటు వదిలి కూర్చుండిపోయాడు. లోపల నుంచి భార్య వచ్చి, "గంత మాటన్నడా?" అంది. ఎవరితో అంటున్నదో చూసుకోలేదు. వెలివేసిన వాడితోనే అంది.

అప్పుడు జహూర్ దుకాణం మెట్లు దిగాడు. రోడ్డు మధ్యకు వచ్చి, అందరికీ వినపడేటట్టు గట్టిగా అన్నాడు.

"సలాం సీమోనన్నా! గొంతు ఎండుకపోయింది నీకు. ఛాయ తాగి పో!"

అంతే. ఆ ఒక్క సలాముతో ఊరి నోటికి వేసిన తాళం ఊడింది. వాడ ఆడవాళ్ళు ఏడ్చేశారు. భూమక్క జహూర్ చెయ్యి పట్టుకుని, "ఇన్ని రోజులు యాడికి పోయినవ్‌ర తమ్మీ," అని తిట్టింది. జహూర్ తల వంచుకుని తిట్టు తిన్నాడు. సాయిలు లేచి వచ్చి డప్పుల వెనక నడిచాడు. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు. గంగారెడ్డి గేటు ముందుకు చేరేసరికి వాడ ఏదో ఊరేదో తెలియకుండా కలిసిపోయి ఉంది.

అక్కడ సీమోను ఆఖరి చాటింపు వేశాడు. తల్లి పక్కనే ఉంది.

"'బతికినప్పుడే మనుషుల్ల లెక్కలేరు, సచ్చినంక మీకు జాగ ఏందే ముసల్దానా? ఈడ్సి కాలువల ఏస్తే చేపలన్న తింటయి!' ఇది గంగారెడ్డి మా అవ్వను అన్న మాట! ఆయన మాట ఆయన గడపకు తెచ్చి అప్పజెప్తున్న! తీస్కో పటేలా!"

గ్రామసభలో నవ్వినవాళ్ళు కూడా ఆ గుంపులో ఉన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. గేటు తెరుచుకుంది. గంగారెడ్డి మొహం నల్లబడి ఉంది. ఆ మొహం చూడ్డానికే సీమోను ఇన్నాళ్ళూ అన్నం మింగాడు. తృప్తిగా చూశాడు.

"నీ నోరు కోపిస్త లంజకొడుకా!" గంగారెడ్డి ఉరికొచ్చి డప్పు గుంజుకుని కాలితో తొక్కాడు. చర్మం పర్రున చిరిగింది. జనం మీదికి పోబోతుంటే భూమక్క రెండు చేతులూ చాపి ఆపింది. "కొట్టకుండ్రి! వాడు ఏడ్సుడు చూద్దాం!"

పోలీసు జీపు అప్పటికే మలుపు తిరిగింది. ఎవరు ఫోను చేశారో చెప్పాలా? ఎస్సై దిగి నేరుగా సీమోను రెక్క పట్టుకున్నాడు.

"నన్నెందుకు సార్? నా నోరు ఆయనదే అని ఆయనే చెప్పిండు. గా నోట్లకెల్లి ఆయన మాటలే వచ్చినయి. ఎవడు పలికితే వానిదే నేరమని మీరన్నరు. మైకుల మా అవ్వను అన్ననాడు పలికింది ఎవరు సార్?"

"ఎక్కువ మాట్లాడకు, ఎక్కు!"

"మాట్లాడుత! ఇగ మాట్లాడుతనే ఉంట!"

బేడీలు వేసి జీపులో పడేశారు. జనం అడ్డం తిరిగారు, లాఠీలు లేచాయి, సిద్దార్థ నెత్తి పగిలింది. ఆ తోపులాటలో సీమోను తల్లి కోసం చూశాడు. ఈరవ్వ ఎస్తేర్ చెవి దగ్గర నోరు పెట్టి ఉంది. ఆ పెదవులు కదులుతున్నాయి. గ్రామసభ నాటి నుంచి మూసుకుపోయిన నోరు! ఏమంటున్నదో వినపడేలోపు జీపు కదిలింది.

ఊరు దాటుతుండగా వెనక డప్పు మోగింది. ఒక్కటే మొదలైంది, తర్వాత డప్పులన్నీ అందుకున్నాయి. జీపు కీచుమని ఆగింది.

"ఎందుకాపినవ్ రా?" ఎస్సై అరిచాడు.

డ్రైవరు తెల్లమొహం వేశాడు. అతనూ ఇట్లాంటి పల్లెలోనే పుట్టి పెరిగినవాడు. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"చాటింపు సార్..."

ఆడపిల్ల గొంతు ఊరంతా పాకుతూ వచ్చింది. ఎస్తేర్ గొంతు. డప్పు ఆడదాని చేతికి ఎన్నడూ ఎక్కలేదు. వాడ మనిషి పేరు మీద చాటింపు కూడా ఆ ఊళ్ళో ఎన్నడూ పడలేదు.

"వినుండ్రి, వినుండ్రి! ఇది ఈరవ్వ చెప్పమన్న మాట!"

సీమోను వెన్ను నిటారుగా అయింది. ఎస్సై బండి తియ్యమని కేకలేస్తున్నాడు. డ్రైవరు తాళం తిప్పుతున్నాడు, ఇంజను అందుకోవడం లేదు. సరిగా తిప్పుతున్నాడో లేదో వెనక నుంచి కనపడదు.

"గంగారెడ్డి నాటుకు ఎవ్వరు దిగొద్దు! ఆయన మడిల మొక్క పడొద్దు, ఆయన ఇంట్ల మనిషి కాలు పడొద్దు! బయటికెల్లి వచ్చిన కూలోళ్ళకు గూడ మనమే పోయి చెప్పాలె! బొందలగడ్డ మీద మిషిని దిగితే ఊరంత పోయి దాని ముందట పండుకోవాలె! నేనే ముందు పండుకుంట, నా జాగ ఆడ్నే ఉన్నది! గా మాట గదే మైకుల ఎనక్కి తీస్కునే దాక, గిదే మాట!"

సీమోను బేడీల చేతులతో జీపు రేకు మీద దరువందుకున్నాడు.